హస్తవాసి

"చీమ కుట్టినట్టుంటుంది, అంతే. పొడిపించుకో తల్లీ."

సువా పట్నం ఆసుపత్రిలో సూది గది ముందు బల్ల మీద కూర్చున్న ముసలాయన, ఎవరూ అడక్కుండానే మొదలెట్టాడు.

కెలేరా మెడ తడుముకుంది. కుడివైపు నిమ్మకాయంత గడ్డ. ఇరవై రెండేళ్ల పిల్ల. మొన్ననే బళ్లో టీచరుగా చేరింది.

తల్లి అసెనాకకు ఒళ్లు మండింది.

"మధ్యలో నువ్వెవరయ్యా? ఆసుపత్రికి ఇల్లరికం వచ్చావా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ముసలివాణ్ని చూసి నవ్వితే పోయేదేముంది!

ఆయన మాత్రం నవ్వలేదు.

"సన్న సూదమ్మా. గడ్డలోంచి రవ్వంత లాగి, గాజు పలక మీద పూసి, భూతద్దంలో చూస్తారు. క్షయ అయితే మాత్రలతో పోతుంది. క్యాన్సరయితే త్వరగా కోసెయ్యొచ్చు. ముందు ఏదో తెలియాలి కదా?"

"పొడిస్తే ఒళ్లంతా పాకుతుందట."

"ఎవడన్నాడా మాట? నూనె రాసి తోముతూ కూర్చుంటేనే ముదిరిపోతుంది. ఎవరి చేతా తోమించకు."

అసెనాక ఉలిక్కిపడింది. తోమించే సంగతి వీడికెలా తెలిసింది?

నర్సు తలుపు తీసింది.

"తాతా, మళ్లీ మొదలెట్టావా? జనాన్ని విసిగించకు. కెలేరా, లోపలున్నావిడయ్యాక నువ్వే."

"అమ్మా, ఎలాగూ వచ్చాం కదా. పొడిపించుకుంటానే" అంది కెలేరా.

"నోర్మూసుకుని పద. ఓడ వెళ్లిపోతుంది."

కూతురి పోరు పడలేక ఆసుపత్రి దాకా వచ్చింది గానీ, అసెనాక మనసంతా ఆ ఓడ మీదే. తూర్పున ఆఖరి దీవిలో ఒక మర్దనా వైద్యుడున్నాడు. ఆయన నూనె రాసి తోమితే ఎంతటి గడ్డయినా వెన్నలా కరిగిపోతుందట. అసెనాక ఆయన్ని ఎన్నడూ చూడలేదు. ఆయన హస్తవాసి గురించి విని పెరిగింది, అంతే. ఆ దీవికి ఓడ నెలకొక్కసారే.

ముసలాయన గేటు దాకా వెంటపడ్డాడు.

"పిల్లని ఎక్కడికి లాక్కుపోతున్నావమ్మా? ఎవరి దగ్గరికి?"

అసెనాక చెప్పలేదు. వైద్యుడి దగ్గరికి వెళ్లేవాళ్లు దారిలో ఆయన పేరూ ఊరూ పైకి అనకూడదు. అంటే ఆ చేతిలో మహిమ పోతుంది. ఆ దీవుల్లో పసిపిల్లలకు కూడా తెలిసిన కట్టడి అది.

"చుట్టాలింటికి" అంది.

"ఏ వైద్యుడో చెప్పు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా. నాకందరూ తెలుసు."

"అబ్బో, నీకు తెలియందేముంది! వెళ్లి నీ బల్ల కాపలా కాసుకో."

"నాకూ ఓ కూతురు..."

"ఉంటే దాన్ని పొడిపించుకో! నా పిల్ల జోలికి రాకు."

కెలేరా వెనక్కి తిరిగి చూసేసరికి ఆయన గేటు పట్టుకుని ఏడుస్తున్నాడు. పిచ్చివాడు, పాపం, అనుకుంది.

ఓడ దీవి దీవికీ ఆగుతూ, రోజుల తరబడి ఈడ్చుకుంటూ వెళ్లింది. సగం దారిలో కెలేరా గొంతు బొంగురుపోయింది. ఆఖరి దీవి చేరేసరికి అన్నం ముద్ద దిగడం లేదు.

వైద్యుడి ఇంట్లో ఆయన చెల్లెలొక్కతే ఉంది. అసెనాక చాప మీద మోకరిల్లి, వైద్యుడికి కానుకగా తెచ్చిన యంగోనా మొక్క వేర్ల కట్టను ఆమె ముందు పెట్టింది.

ఆమె దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే పని ఒప్పుకున్నట్టే.

"ఇది నేను పుచ్చుకోలేనమ్మా. అన్నయ్య తోమడం మానేశాడు."

"అంత మాటనకు అక్కా! ఎంత దూరం నుంచి వచ్చామో చూడు. ఒక్కసారి ఆయన చెయ్యి వేస్తే చాలు, నా బిడ్డ బతుకుతుంది" అంటూ అసెనాక భోరుమంది.

"ఆయన బిడ్డకీ ఇలాగే మెడ మీదే వచ్చింది. పట్నంలో సూదేసి చూస్తామన్నారు. నా చెయ్యుండగా సూదెందుకన్నాడు. రోజూ తోమాడు. పిల్ల ఆ చేతుల్లోనే పోయింది."

రేవులో ఓడ కూత వేసి కదిలింది. మళ్లీ వచ్చే నెల దాకా ఆ దీవి నుంచి బయటపడే దారి లేదు.

"ఆయన్ని పిలు అక్కా. నేను బతిమాలుకుంటా. ఎక్కడున్నాడు?"

చెల్లెలు కెలేరా మెడ వంక చూసి, కళ్లు దించుకుంది.

"ఇక్కడెందుకుంటాడమ్మా? సువా ఆసుపత్రిలో సూది గది ముందు కూర్చుని, వచ్చిన ప్రతి పిల్లనీ పొడిపించుకోమని బతిమాలుతుంటాడు."