రేడియోలో రాని మాట

స్కీ పందెం స్కోరుబోర్డు మీద అందరికంటే పైన తన పేరే వెలుగుతున్నా ఆఫ్రా అటు చూడలేదు. స్కీలు విప్పి మంచులోకి విసిరేసి, కోచ్ కూడా తానే అయిన తండ్రి మీదికి దూసుకెళ్లింది.

"అడవి మలుపులో మంచు గడ్డకట్టి గాజులా జారుతోంది. చచ్చి బతికాను! నాకంటే ముందు దిగిన మన జట్టు గెర్లిండ్ నీకు చెప్పలేదా?"

"చెప్పింది."

"మరి రేడియోలో నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"చెబితే భయపడి వేగం తగ్గిస్తావ్. ఇన్నేళ్లూ ఇలా దాచబట్టే ఛాంపియన్‌వయ్యావ్."

ఇన్నేళ్లూనా? ఆఫ్రా చెయ్యి తనకు తెలియకుండానే కుడి మోకాలి మీదికి పోయింది.

"ఇది విరిగిన రోజు కూడా... నీకు ముందే తెలుసా?"

తండ్రి తల దించుకున్నాడు. అంతలో ఆయన చేతిలోని రేడియోలో, కొండ పైన తర్వాతి వంతు కోసం నిలబడ్డ చెల్లెలు సెంజీ గొంతు పలికింది.

"నాన్నా, దారెలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందమ్మా!"

ఆఫ్రా రేడియో లాక్కుంది.

"సెంజీ, నేనే, అక్కని. అడవి మలుపులో గాజు మంచుంది. అక్కడ నెమ్మదిగా రా."

"పిచ్చిదానా! దాన్ని ఓడగొట్టేశావ్ కదే!" తండ్రి అరిచాడు.

"ఓడిపోనీ. నడుచుకుంటూ ఇంటికొస్తుంది."