రేవు రేవునా వెతుకులాట

“ఈ షాపులో కూడా లేకపోతే కలం విరిచి నదిలో పారేస్తాను” అన్నాడు రచయిత, పడవ ఆఖరి రేవుకు ఆనుతుండగా.

“మాట మీద నిలబడాలి మరి. ఇంతమంది వింటున్నారు” అంది భార్య.

విన్నవాళ్లు తోటి యాత్రికులు. నది పొడుగునా ఉన్న పేరుమోసిన పుస్తకాల షాపులన్నీ చూపిస్తామంటే ఎగబడి పడవెక్కిన పుస్తకప్రియులు. ఏ షాపుకెళ్లినా చెక్క మెట్లకూ, రంగుటద్దాల కిటికీలకూ, గల్లాపెట్టె మీద నిద్రపోయే పిల్లికీ ఫోటోలు తీసుకునేవారు. పుస్తకాన్ని ముట్టుకుని నలిపిన పాపం మాత్రం ఎవ్వరూ మూటగట్టుకోలేదు.

రచయితది వేరే యావ. బ్యాంకు ఉద్యోగం అయిపోయాక రాసిన నవల ఆయనది. రాసినన్నాళ్లూ ప్రతి అధ్యాయం భార్యకు చదివి వినిపించాడు. కూర తరుగుతున్నా వదల్లేదు, పళ్లు తోముకుంటున్నా ఆగలేదు. ఆవిడ మధ్యమధ్య నిట్టూర్చేది. అది తన కరుణరసం మహిమని ఆయన నమ్మకం. ఇప్పుడు రెండో భాగం రాయాలా వద్దా అన్నది ఈ షాపులే తేల్చాలి.

ఇంతవరకూ ఒక్కచోటా నవల జాడ లేదు. అడిగితే చెప్పేవారేమో! కానీ రచయిత తన పుస్తకాన్ని తానే అడగడమా? పరువేం గాను? చేతులు వెనక్కి కట్టుకుని, ఇంకెవరి పుస్తకమో కావాలన్నట్టు అరలన్నీ గాలించేవాడు.

భార్య మాత్రం ప్రతి రేవులోనూ అందరికంటే ముందు దిగేది. జన్మలో పుస్తకాల షాపు గడప తొక్కని మనిషి, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే పరుగు. ఈయన ఫోటోల గుంపును తోసుకుని చేరేసరికి ఎదురొచ్చి, “ఎక్కడా కనబడదేమండీ!” అని పెదవి విరిచేది.

‘నా పుస్తకమంటే దానికెంత ఆత్రమో!’ అని ఈయన కరిగిపోయేవాడు.

ఆఖరి షాపులో వంటల పుస్తకాల వెనక కూడా చూశాడు. లేదు. కాళ్లీడ్చుకుంటూ బయటికొచ్చాడు. గట్టు మీద భార్య ఉబ్బిన సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

“లేదా?”

“లేదే.”

“పోనీలెండి, లోకం చేసుకున్న ఖర్మ. ఇక హాయిగా మొక్కలు పెంచుకుందురుగాని. ఏదీ, ఆ కలం ఇలా ఇవ్వండి, నేనే విరుస్తాను.”

కళ్లనీళ్లతో కలం తీశాడు. అంతలో ఫోను మోగింది. ప్రచురణకర్త.

“ఏం మాయ చేశారండీ బాబూ! నది పొడుగునా ఏ షాపులోనూ మన నవల కాపీ ఒక్కటీ మిగల్లేదట. రెండో భాగం వెంటనే మొదలెట్టండి. మూడోది కూడా మాకే ఇవ్వాలి!”

రచయిత గట్టు మీదే గంతేశాడు.

“విన్నావటే! అమ్ముడుపోయిందిట, అందుకే కనబడలేదు! ఆ పాఠకులెవరో గానీ, కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవాలి! ఉండు, మొదటి అధ్యాయం ఎప్పుడో మనసులో అల్లేశాను, చెప్తా విను.”

భార్య రెండు చేతులతోనూ తల పట్టుకుంది.

ఆ పాఠకులందరూ ఆవిడే.