సుద్ద గీతలు

"నా గూఢచారి నవల మూడో ముద్రణ కూడా అయిపోయిందట, దుర్గా!"

శ్రీదుర్గ మొగుడి నోట్లో బందరు లడ్డూ కుక్కేసింది. గుణదలలో దర్జీగా నటించే శత్రుదేశపు గూఢచారి, జాకెట్ల లోపలి సుద్దగీతలతో రహస్యాలు పంపడం ఆమె ఊహే. తన పెళ్ళిజాకెట్లు కుట్టిన దర్జీ ఇమామ్ కొట్లోనే అది తట్టింది. మిగిలిన లడ్డూలతో అక్కడికే పరుగెత్తింది.

ఇమామ్ కుట్టుమిషన్‌ని దుప్పట్లో చుడుతున్నాడు.

"అదేంటి బాబాయ్?"

"అందరూ బట్టలు వెనక్కి పట్టుకెళ్ళారమ్మా. ఈ గీతలకి అర్థం చెప్పమని నిన్న కుర్రాళ్ళు చొక్కా పట్టుకున్నారు."

"అయ్యో, అది కథే కదా!"

"నేనూ అదే చెప్పా. మరి నా మెల్లకన్ను కూడా ఎందుకు రాయించావమ్మా?"

లడ్డూల పొట్లం ఆమె చేతిలోనే ఉండిపోయింది.

ఆమె కుట్టడానికిచ్చిన జాకెట్టు ఇమామ్ అందించాడు. "నీది మాత్రం సుద్ద పెట్టకుండానే కత్తిరించా. నీకు ఇబ్బంది రాదు. రేపు పొద్దున్నే మేం ఊరొదిలి పోతున్నాం."