ఎర్రద్దంలో అంకె

"నీ కెమెరా పాయె అయివారూ," అన్నాడు అబ్దుల్ సలాం, బీడీ తొక్కి ఆర్పుతూ. "పొద్దున్నే కృపావరం ఎత్తుకపాయె."

కోదండపాణి కడుపులో నిప్పుల కుంపటి బోర్లించినట్టయింది.

ప్రొద్దుటూరులో సలాంది గుజిరీ అంగడి. తుప్పు తాళాలు, సొట్ట గిన్నెలు, ఆగిపోయిన గడియారాల నడుమ అప్పుడప్పుడూ ఒక పాత కెమెరా తగులుతుంది. హైస్కూల్లో సైన్సు చెప్పే కోదండపాణికి అదే పిచ్చి. తోలు తిత్తి మడతల కెమెరాలు, గాజు పలకలవి, దొరల కాలంనాటి డబ్బా కెమెరాలు. ఇంట్లో బియ్యం నిండుకున్న సంగతి తెలియదు గానీ, ఏ కెమెరా ఏ దేశంలో ఏ ఏట పుట్టిందో నిద్రలో లేపినా చెప్తాడు.

"అద్దం పగిలిన డబ్బా గదప్పా అది! వాడేం చేసుకుంటాడు?"

"నాకేం తెల్సు? పగులుందని నువ్వు బేరమాడితివి. ఆయప్ప అడిగినంత పెట్టి, గుడ్డలో చుట్టుకోని పాయె."

కృపావరం బస్సు కండక్టరు. జమ్మలమడుగు మనిషి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, రోజూ తిరుగుడే. ఎవరింట్లో పాత సామాన్లు అమ్ముతున్నారో టికెట్టు చించేలోపల చెవిన పడుతుంది. కోదండపాణి మాత్రం ఆదివారం దాకా కాచుకోవాలి.

పోనీ కృపావరానికి కెమెరాల విద్య ఉందా అంటే, సున్న. సలాం అంగట్లో కోదండపాణి కళ్లారా చూశాడు. వాడు కెమెరాను ముందునుంచి చూడనే చూడడు. వెనక్కి తిప్పి, దాని వీపున బొట్టంత ఎర్రద్దం ఉంటుందే, అందులో కన్ను పెడతాడు. అంకె కనబడితే కొంటాడు. లేకుంటే కింద పెట్టేస్తాడు. మచ్చలేని జర్మనీ కెమెరాను అట్లాగే వదిలేసి పోయాడు. కోదండపాణి ఎగిరి గంతేసి దాన్ని కొన్నాడు గానీ, వాడు వద్దన్నదని గుర్తొచ్చినప్పుడల్లా అది చల్లారిన సంగటి ముద్దలా తోచేది.

"ఎద్దుకు పండ్లు చూడాల, కెమెరాకు కడుపు చూడాల," అని సలాంకు ఎన్నిసార్లు చెప్పాడో. వెనక తలుపు తీసి ఎండలోకి తిప్పితే, చేసినవాడి గుర్తు, నంబరు లోపలే అచ్చేసి ఉంటాయి. కెమెరా జాతకం అదే. కృపావరానికి ఆ జాతకమే అక్కర్లేదు. గుడ్డ విప్పకుండా తిన్నగా జమ్మలమడుగు ఫొటో స్టూడియోకు పోతాడు. గొప్ప చూపించుకోవద్దూ! మర్నాడు మాత్రం బస్సులో మొగం వేలాడేసుకుని తిరుగుతాడు. దిష్టి తగలకుండా నటన!

అన్నిటికన్నా మండించింది ఇంకొకటి. జమ్మలమడుగు బస్టాండులో టీ అంగడి ఆనందయ్య, కోదండపాణి కలగన్న డబ్బా కెమెరాలో బీడీలు పెట్టుకున్నాడు. "కృపావరం ఊరికే ఇచ్చిపాయె" అన్నాడు.

"నా నోటికాడ కూడు లాక్కోని వీధిలో పారేస్తాండాడే!" అని ఆ రోజు కోదండపాణికి అన్నం సహించలేదు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయాక వచ్చిన ఎండాకాలం. బడికి సెలవులు. సలాం ఒక చల్లటి మాట చెవిన వేశాడు.

"పులివెందుల్లో హజరాబీ అని ఉండాది. మిషన్ ఆస్పత్రి దొరసాని దేశం ఇడిసిపోతా సామాన్లు ఏలమేసింది గదా, అందులో ఈమె మొగుడు ఒక డబ్బా కెమెరా కొన్న్యాడంట. ఆయన పోయినాడు. ఈమె అమ్ముతాదంట."

"కృపావరానికి చెప్పినావా?"

"దొరసాని సామాను యాడ తగిలినా ముందు తనకే చెప్పమని ఏండ్లనుంచి ప్రాణం తీస్తాండాడు. రేపు బస్సుకాడ చెప్పాల."

"రేపు చెప్పు. వాని బస్సు కదిలేలోపల నేను ఆడుంటా."

తెల్లారుతూనే వేరే కంపెనీ బస్సెక్కాడు కోదండపాణి. కృపావరం బస్సెక్కితే గుట్టు రట్టయినట్టే.

హజరాబీ డబ్బా తెచ్చి అరుగుమీద పెట్టింది. "లోపల దొరసాని ఏసిన రీలు అట్లే ఉండాది అయివారూ. మా ఆయన దాని జోలికి పోలేదు."

కోదండపాణి వెనక్కి తిప్పాడు. ఎర్రద్దంలో రీలు మీది అంకె కనబడింది. కృపావరానికి నచ్చే సరుకు! చేతులు ఆగలేదు. చటుక్కున వెనక తలుపు ఊడదీశాడు. వెలుతురు తగిలితే రీలు చస్తుందని ఆయనకు తెలియక కాదు. పాచిపోయిన రీలు ఎవడిక్కావాలి? కోడి పేగులు లాగినట్టు లాగి ముంగిట్లోకి విసిరాడు. అది ఎండలో చుట్టలు చుట్టుకుంది. లోపలి గుర్తు చదివి, ఒక్క మాట బేరమాడకుండా కొనేశాడు.

అప్పుడే వచ్చాడు కృపావరం. బస్సు స్టాండులో వదిలేసి, టికెట్ల సంచి ఎగిరెగిరి పడుతుండగా ఒకటే పరుగు.

"దొరసానిదేనామ్మా?"

"అవునప్పా. అయివారు కొనేసినాడు."

కోదండపాణి డబ్బాను రొమ్ముకు హత్తుకున్నాడు. ఇన్నేళ్ల మంట మీద కుండెడు నీళ్లు పోసినట్టుంది. "ఏమప్పా, ఈపొద్దు నీ బస్సు లేటైనట్టుందే!"

కృపావరం డబ్బా వైపు కన్నెత్తలేదు. ముంగిట్లో కోడిపెట్ట పొడుస్తున్న రీలు దగ్గర గొంతుక్కూచున్నాడు. దుమ్ము ఊదాడు. రెండు చేతులా చుట్టి అంగీ లోపలికి దోపుకున్నాడు.

"కెమెరా నువ్వే పెట్టుకో అయివారూ, పుట్టంగానే తల్లిని పోగొట్టుకున్న నా బిడ్డకు వాళ్లమ్మ మొగం చూపిద్దామంటే దొరసాని తీసిన బొమ్మ ఈ రీల్లో ఒక్కటే ఉన్నింది, సైన్సు చెప్తావు గదా, చీకట్లో పెడితే మల్లా వస్తాదా?"