ఎనిమిది కత్తులు

"నేను నిలబడనక్కా. మా అమ్మ ఒట్టేయించుకుంది" అంది వీరదుర్గ, తళుకుల జాకెట్టు తీసి అపూర్వ చేతిలో పెడుతూ.

కత్తుల ఆటకి ఇంకా పావుగంట ఉంది. అపూర్వ బతిమాలబోయింది గానీ, ఆ పిల్ల అప్పటికే చెప్పులేసుకుంటోంది.

గుడివాడలో ఆ సాయంత్రం ఎగ్జిబిషన్‌కి జనం బాగానే వచ్చారు. చేత్తో తిప్పే రంగులరాట్నం, బయోస్కోపు పెట్టె, తోలుబొమ్మలు, బుడగలు కాల్చే తుపాకీ. యాభై ఏళ్ల కిందట ఊరూరా తిరిగిన సంబరాన్ని, ఇంట్లో కేబుల్ టీవీ ఉన్నవాళ్లకి మళ్లీ చూపించాలని ఏడాది పాటు తిరిగింది అపూర్వ. వచ్చినవాళ్లు ఓ చుట్టు చుట్టి, నవ్వుకుని, గేటు వైపు మళ్లుతున్నారు. ఇక వాళ్లని ఆపగలిగింది కత్తుల ఆట ఒక్కటే. ఇక్కడ అది పండకపోతే, వచ్చే వారం బందరులో, ఆ తర్వాత మోపిదేవిలో డేరా వేయడం వృథా.

"మనిషి లేకుండానే ఆడిస్తే సరి. చెక్క మీద సుద్దతో బొమ్మ గియ్యి" అన్నాడు శేషాచలం. అపూర్వ తండ్రి. తాలూకా ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. కూతురి మొండితనం చూడలేక, వదిలేయనూ లేక, మైకు పని తలకెత్తుకున్నాడు.

"బొమ్మ చుట్టూ కత్తులు విసిరితే ఎవరు చూస్తారు నాన్నా? నేను నిలబడతాను."

"నీకేమైనా పిచ్చా?"

"నేను నిలబడలేనిదానికి ఇంకొకరి పిల్లని నిలబెట్టబోయాను. అది పిచ్చి."

శేషాచలం, కత్తులు గుడ్డతో తుడుస్తున్న మాణిక్యం వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పమ్మా."

మాణిక్యం గిలకలదిండిలో ఎండుచేపలు అమ్ముతుంది. ఎవరి ఇంట్లోనో దొరికిన పాత సర్కస్ వాల్‌పోస్టరు మీద 'మాణిక్యం కత్తుల ఆట' అని చూసి, ఊళ్లు తిరిగి ఆమెని వెతికి పట్టుకుంది అపూర్వ. నెల రోజుల కిందట సాధన మొదలైనప్పుడు సగం కత్తులు నేల మీదే పడ్డాయి. చాలా ఏళ్లయింది కదా, చెయ్యి అలవాటు తప్పుంటుందని అపూర్వ ఊరుకుంది. పొద్దున్నా సాయంత్రమూ విసిరి విసిరి మాణిక్యం భుజం వాచింది. పది రోజులుగా ఒక్క కత్తీ గురి తప్పలేదు.

మాణిక్యం అపూర్వని తేరిపార చూసింది. "మధ్యలో తప్పుకోరు కదా, అమ్మాయిగారూ?"

"తప్పుకోను."

"అయితే ఇనండి. మడమలు చెక్కకి ఆనించాలి. కళ్లు ముయ్యకూడదు. నా చెయ్యి చూడకండి, నా మొహం చూడండి. మూడో కత్తి చెవి పక్కన దిగుద్ది. ఆ చప్పుడుకే ఎవరైనా కదిలిపోతారు. అది దాటితే ఇంక భయం ఉండదు."

అపూర్వ జాకెట్టు తొడుక్కుని చెక్క ముందు నిలబడింది. శేషాచలం మైకు పట్టుకున్నాడు. చిన్నగొంతుతో "కత్తుల ఆట" అని మాత్రం అన్నాడు.

మొదటి కత్తి మోకాలి పక్కన దిగింది. రెండోది నడుం పక్కన. గేటు దగ్గరికి వెళ్లినవాళ్లు వెనక్కి తిరిగారు.

మూడోది దిగినప్పుడు చెవిలో పిడుగు పడ్డట్టయింది. చెక్క అదురు దవడ దాకా పాకింది. అపూర్వ పళ్లు బిగించి మాణిక్యం మొహమే చూస్తూ నిలబడింది. ఆ మొహంలో చెమట తప్ప ఇంకేమీ కనపడలేదు.

నాలుగు. అయిదు. రంగులరాట్నం తిప్పేవాళ్లు కూడా చేతులాపేశారు. ఆరు. ఏడు. ఎనిమిదోది నడినెత్తికి బెత్తెడు పైన దిగి, కాసేపు ఊగి ఆగింది.

చప్పట్లు మొదలయ్యాక గానీ శేషాచలం కళ్లు తెరవలేదు. మైకు కింద పడేసి వచ్చి, కూతురి చెవులూ తలా తడిమి చూసుకున్నాడు. జనం డేరా తాళ్ల దాకా తోసుకొచ్చి, ఇంకోసారి ఆడమని కేకలేస్తున్నారు.

"బందరులోనూ నువ్వేనా?" అన్నాడు నీరసంగా.

"నేనే నాన్నా. అక్కడ మైకులో ఇంత చిన్నగా చెప్తే కుదరదు. మాణిక్యం గారి గురించి కూడా చెప్పాలి." అపూర్వ అటు తిరిగింది. "సర్కస్‌లో ఎన్నేళ్లు విసిరారండీ?"

మాణిక్యం చెక్కలోంచి మూడో కత్తిని రెండు చేతులా లాగుతూ అంది.

"ఇసిరింది మా ఆయనండి. నేను ఇరవై ఏళ్లూ మీరు నిలబడ్డ చోట నిలబడ్డాను."