డైరెక్టర్ సంతకం

"గెలిచినం గద మేడం! మరి నా పైసలు నాకెందుకు రావు?"

కాశమ్మ అరుపు మలక్‌పేటలోని ఆ లాయరు ఆఫీసు దాటి, కింద టీ కొట్టు దాకా వినిపించింది.

గౌలిపురలో ఆమె పెరుగు కొట్టు ఉన్న జాగా తమదంటూ ఒక డెయిరీ కంపెనీ కేసు వేసింది. ఆరేళ్లు నడిచింది. కొట్టు నిలబడింది గానీ, లాయరు ఖర్చులకు రెండు బర్రెలు అమ్ముడుపోయాయి. ఆ ఖర్చులు కంపెనీయే కట్టాలని కోర్టు చెప్పింది. తీరా చూస్తే కంపెనీ ఖాతాలో పైసా లేదు, ఆఫీసు తలుపుకు బోర్డు కూడా లేదు.

లాయరు లావణ్య కంపెనీ కాగితాలు తీయించింది. ఇద్దరు డైరెక్టర్లలో ఒకడు చనిపోయాడు. రెండో పేరు చదివి వినిపించాక కాశమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు.

"ఆ డైరెక్టర్ మీద పడితే ఏమొస్తదమ్మా?" అంది లావణ్య.

"ఏం రాదు, నాకెర్కే. అయినా సదువకుండ సంతకమెట్ల వెడ్తడు మేడం? ఆ చెయ్యి ఇర్గ!"

"ఆయన చెప్పిందే మనకు పనికొస్తది. ఎనకున్నోణ్ని బయటికి గుంజుదాం."

వెనకున్నవాడు రామ్‌చందర్. ముప్పై బర్రెల ఆసామి. కాశమ్మ కొట్టు లేస్తే అతని ఫంక్షన్ హాలుకు రోడ్డు మీదికి దారి వస్తుంది.

కోర్టులో రామ్‌చందర్ చేతులు జోడించాడు. "కంపెనీల నేను లేను సార్. కేసుల నా పేరు లేదు. ఒక్క కాయిదం మీద నా సంతకం సూపియ్యుండ్రి, మొత్తం నేనే కడ్త."

కాశమ్మ దిగ్గున లేచింది. "ఎవలితోని వెట్టించినవో చెప్పు భాయ్! సదర్ పండుగకు నీలం అంగీ ఇచ్చి..."

లావణ్య చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

దున్నపోతులను ఊరేగించే ఆ పండుగకు బట్టలు ముట్టినట్టు పనివాళ్లు ఏటా పుస్తకంలో సంతకం పెట్టడం రామ్‌చందర్ బర్రెల కొట్టంలో అలవాటు. ఆ ఏడాది పుస్తకం కింద వేరే కాగితాలున్నాయి. బర్రెలు కడిగిన తడి చేత్తోనే అన్నిటి మీదా పెట్టానని డైరెక్టర్ వాంగ్మూలం ఇచ్చాడు. జడ్జి అది చదివి తలెత్తాడు.

"వాయిదా వాయిదాకూ కంపెనీ లాయరు ఫీజు నీ ఫోను నుంచే పోయింది. ఎందుకు?"

"చేబదులిచ్చిన సార్."

"కంపెనీ గెలిస్తే ఆ జాగా ఎవరికొచ్చేది?"

రామ్‌చందర్ తన లాయరు వైపు తిరిగాడు.

పేరు లేకపోయినా కేసు నడిపించింది అతనే కాబట్టి, కాశమ్మ ఖర్చులన్నీ అతనే కట్టాలన్నాడు జడ్జి.

"ఇగ రెండు బర్రెలు కొనుక్కో," వరండాలో నవ్వింది లావణ్య. "ఆ డైరెక్టర్‌ను గూడ మాఫ్ చెయ్యమ్మా."

"బర్రెలొస్తయ్ మేడం. ఆరేండ్లు నన్ను ఈ మెట్లెక్కించిన సంతకం నా కండ్ల ముందలకెల్లి పోతదా?"

ఆమె చరచరా మెట్లు దిగింది.

గేటు బయట పాత లూనా పట్టుకుని, తలొంచుకు నిలబడ్డ మొగుడి వెనక ఎక్కి కూర్చుంటూ, "పోనియ్, డైరెక్టర్ సాబ్," అంది.