మెట్ల మీది నుంచి పడింది

తెర మీది రికార్డులో 417వ నంబరు పిల్లకు ఐదేళ్లప్పుడు చెయ్యి విరిగింది, ఎనిమిదేళ్లప్పుడు పక్కటెముకలు, పదకొండేళ్లప్పుడు దవడ. ప్రతిసారీ కారణం ఒక్కటే: మెట్ల మీది నుంచి పడింది.

ఇబ్రహీంపట్నంలో పుట్టిన పిల్లలను ఇరవై ఏళ్లపాటు ఏటేటా చూసి రాసిన వివరాలవి. వాటిని ఎలా చదవాలో కొత్త పరిశోధకులకు నేర్పుతున్నారు.

“ఎముకల్లో బలం లేదేమో,” అన్నారెవరో.

ఇల్లిల్లూ తిరిగి అవన్నీ రాసుకొచ్చిన సునంద తలూపింది. “ఏమో. వాళ్ల బాపు చెప్పిందే రాసిన.”

పరిశోధకుల్లోంచి వైశాలి లేచింది. మాట్లాడుతుంటే ఆమె దవడ ఒక పక్కకు జరుగుతుంది.

“సునందక్కా, ఏటా మా ఇంట్లనే కూసొని, చాయ్ తాగి, బాపు ముంగటనే నన్ను అడిగినవ్. మాది రేకుల ఇల్లు. దానికి మెట్లు యాడున్నయ్?”